ముఠా, మస్టరు, క్వార్టరు: బొగ్గుబాయి కట్టిన ఉమ్మడి బతుకు

కలిసి బతకడం, కలిసి పనిచేయడం అనగానే చదువుకున్న తెలుగువాళ్లకు ఆశ్రమాలు గుర్తొస్తాయి. నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం. రాజమండ్రికి ఎగువన సీతానగరంలో 1924లో బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం నెలకొల్పిన గౌతమీ సత్యాగ్రహాశ్రమం. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం. వీటి చరిత్ర రాసినవాళ్లున్నారు, ఉత్సవాలు చేసేవాళ్లున్నారు. అదే గోదావరి వెంట ఇంకా ఎగువకు పోతే మంచిర్యాల వస్తుంది. దాని చుట్టూ బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, నస్పూర్. నది దాటితే గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ. ఈ ఊళ్లను ఎవరూ ఆ కోవలో చేర్చరు. ఇక్కడ నియమావళి రాసిన గురువు లేడు, ప్రతిజ్ఞ పట్టిన శిష్యులు లేరు. ఉన్నది కంపెనీ, కూలి, బొగ్గు. అయినా ఉమ్మడి పని, ఉమ్మడి బతుకు తెలుగునాట పెద్ద ఎత్తున, తరాల పాటు నడిచిన చోటు ఏదంటే ఈ కోల్‌బెల్ట్‌నే చూపించాలని నా వాదన. ఆశయం ఎంత గొప్పదైనా మనుషుల్ని ఎక్కువకాలం కలిపి ఉంచలేదు. ఒకరి చేయి ఆగితే పక్కవాడి కూలి ఆగేలా అల్లుకున్న పని మాత్రం కలిపి ఉంచుతుంది. ఆ అల్లిక విడిపోతే, గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్నా ఎవరి బతుకు వాళ్లదే అవుతుంది.

దీనికి గని బయటి సాక్ష్యం ముందు చూద్దాం. తెలుగునేల మీద తీర్మానించుకుని కట్టుకున్న ఊళ్లలో అన్నిటికంటే సాహసమైనది చీరాల దగ్గరి రామ్‌నగర్. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది, పన్నులు అనేక రెట్లు పెరిగాయి. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీ సూచనల్లో ఊరు ఖాళీ చేసి పోవడం ఒకటి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో దాదాపు పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మందికి పైగా నిజంగానే ఇళ్లు వదిలారు. మున్సిపల్ హద్దు అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. ఆయన స్వచ్ఛంద దళమైన రామదండు కాపలా కాసింది. కులాలవారీ ప్రతినిధులతో సభ ఏర్పడింది, తగవులు తీర్చడానికి పంచాయతీ ఏర్పడింది. అంత కట్టుబాటు, అంత త్యాగం ఉన్న ఆ ఊరు నిలిచింది సుమారు పదకొండు నెలలు. బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించిన గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు పడింది, విరాళాలు ఎండిపోయాయి, జనం తిరిగి ఇళ్లకు చేరారు. ప్రభుత్వ నిర్బంధమే దీనికి కారణమని చరిత్రకారులు చెప్తారు, అది నిజమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. రామ్‌నగర్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్నది ధిక్కారం. పని ఉమ్మడి కాదు. నేతగాడి మగ్గం నేతగాడిదే, వ్యాపారి కొట్టు వ్యాపారిదే. నాయకుడు జైలుకు పోయాక వాళ్లను తెల్లారి లేపి ఒకచోట చేర్చే పని ఏదీ మిగల్లేదు. పరదేశంలో ఇంతకంటే తేటైన ఉదాహరణ ఉంది. రాబర్ట్ ఓవెన్ అనే ఒక్క మనిషే రెండు ఊళ్లు నడిపాడు. స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ నూలుమిల్లు ఊరు. పని గంటలు, బడి, సరసమైన ధరల కొట్టు అన్నీ మిల్లు పనికి ముడిపడి ఉండేవి. ఆ మిల్లు 1968 దాకా నడిచింది. అదే ఓవెన్ 1825లో అమెరికాలో సమానత్వం ఆదర్శంగా స్థాపించిన న్యూ హార్మనీ రెండేళ్లకే చెదిరింది. అక్కడ ఉపన్యాసకులు ఎక్కువ, చేతిపని తెలిసినవాళ్లు తక్కువ అయ్యారు.

ఇక మంచిర్యాలకు వద్దాం. ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు ఉందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొందింది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పడడం, బెల్లంపల్లిలో బాయిలు తెరవడం ఒకే కాలంలో జరిగాయి. తర్వాత 1950ల్లో మందమర్రి, 1960ల్లో గోదావరిఖని. మంచిర్యాల తనంతట తాను బాయి ఊరు కాదు. స్టేషన్, బజారు, సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న పట్నం. చుట్టూ బాయిల జీతం ఖర్చయ్యే చోటు, రిటైరయ్యాక ఇల్లు కట్టుకునే చోటు. 2016 అక్టోబర్‌లో జిల్లా కేంద్రమైంది. అంకెలు ఇంతటితో చాలు. ఈ చరిత్రలో అసలు సంగతి కంపెనీ ఫైళ్లలో కంటే భూమి కింద పని జరిగిన తీరులో ఉంది.

యంత్రాలు రాకముందు, వచ్చిన తర్వాత కూడా చాలాకాలం, బొగ్గు ఎత్తింది ఫిల్లర్లు. కోల్‌కట్టర్ రంధ్రాలు వేస్తాడు, షాట్‌ఫైరర్ పేలుస్తాడు, పొగ పోయాక ఫిల్లర్ల ముఠా బొగ్గు తవ్వే చోటైన ఫేసులోకి దిగుతుంది. చేతిలో తట్ట, చెమ్మస్ అనే పార. ఫేసు నుంచి పట్టాల మీద నిలబడ్డ టబ్బు దాకా తట్టలు మోయాలి. ఒక టబ్బు నిండాలంటే సుమారు టన్ను బొగ్గు పడాలి. కూలి టబ్బుల లెక్కన, ఆ లెక్క ముఠా పేర. అందులోనే ఉంది కిటుకు. కండ ఉన్నవాడు నాలుగు తట్టలు ఎక్కువ మోసినంత మాత్రాన తన జేబులోకి ఎక్కువ రాదు. ఒకడు ఒళ్లు దాచుకుంటే మిగతావాళ్ల టబ్బు తగ్గుతుంది. అందుకని ముఠా తనను తానే దిద్దుకునేది. జ్వరం నుంచి లేచినవాడికి పట్టాల దగ్గరి తేలిక పని, ముసలివాడికి దగ్గరి ఫేసు, కొత్తగా వచ్చిన బదిలీ ఫిల్లర్‌కు మొదటి వారాల్లో కాస్త సాయం. ఈ సర్దుబాట్లను ఎవరూ కాగితం మీద రాయలేదు. ఆశ్రమ నియమావళుల్లో శక్తికొద్దీ పని అని రాసి, దాన్ని అమలు చేయడానికి ఉపవాసాలు, ప్రార్థనలు, పశ్చాత్తాపాలు అన్నీ కావలసి వచ్చేవి. ఇక్కడ ఆ పని టబ్బే చేసింది.

కూలి ఒక్కటే అయితే ఇదంతా వట్టి లెక్కల పొత్తు అయ్యేది. దానికి పైకప్పు తోడైంది. షిఫ్టు మొదట్లో సర్దార్ కర్రతో పైకప్పును కొట్టి చూస్తాడు; గట్టి రాయి ఒకలా మోగుతుంది, పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల శబ్దం విన్నవాడు ఎవడైనా సరే, వాడి హోదా ఏదైనా, కేక వేయాలి. కేక విన్నవాళ్లందరూ ఎందుకని అడక్కుండా జరగాలి. కర్ర ప్రాపు సరిగా పెట్టని టింబర్‌మన్ నిర్లక్ష్యం అతని మీద పడకుండా రెండు గంటల తర్వాత ఇంకొకరి మీద పడొచ్చు. బాయి దిగేటప్పుడు లైటు తీసుకుని బిళ్ల ఇస్తారు; పైకి వచ్చాక ఎవరి బిళ్ల లెక్క తేలకపోతే వాళ్ల కోసం షిఫ్టు మొత్తం ఆగుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది చనిపోయారు. అటువంటి రోజు వస్తే ఎవరు ఏ కులం, ఏ యూనియన్ అన్న మాట కాలనీలో పుట్టదు. పక్కవాడి మెలకువ మీద తన ప్రాణం ఆధారపడి ఉందని రోజుకు ఎనిమిది గంటలు తెలిసిన మనిషికి సోదరభావం గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఈ అల్లిక బాయి గేటు దగ్గర ఆగలేదు, ఇళ్లలోకి నడిచి వచ్చింది. సైరన్ ఊరందరికీ గడియారం. ఫస్టు షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. ఏ ఇంటి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో వాడకట్టు మొత్తానికి తెలుసు, పగలు నిద్రపోయే ఇంటి ముందు పిల్లలను ఆడనివ్వరు. క్వార్టర్లకు నంబర్లు, రకాలు: టీ1, టీ2. ఎవరి ఊరేదో, ఎవరి కులమేదో అడిగి కేటాయించినవి కావు, సీనియారిటీ చూసి ఇచ్చినవి. దాంతో కరీంనగర్ పల్లెల్లో వేర్వేరు వాడల్లో పుట్టినవాళ్లు ఇక్కడ ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టారు. వంటకు కంపెనీ ఇచ్చిన బొగ్గు, సాయంత్రం వరసగా వాకిళ్లలో రాజేసిన పొయ్యిల పొగ, ఒకే ఆస్పత్రి, ఒకే బడి, ఒకే క్యాంటీన్. దేశమంతటా బొగ్గు మీద సుంకం వేసి కార్మికుల ఇళ్లకు, వైద్యానికి ఖర్చుపెట్టాలని 1947లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. క్యాంటీన్, పిల్లల కోసం క్రెష్, స్నానాల గదులు ఉండాలని గనుల చట్టం కింద నియమాలు వచ్చాయి. వీటి అమలు చాలాచోట్ల అంతంతమాత్రమే, ఆ సంగతి వేరు. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజరులు, నిండితే సెలవు హక్కు వచ్చేది. అందువల్ల మస్టరు అన్నది ఇంటి ఆడవాళ్ల నోట్లో కూడా నానే మాట అయ్యింది. పెళ్లి కుదుర్చుకునేటప్పుడు పిల్లవాడి జీతంతో పాటు మస్టర్లూ అడిగేవారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. ఇది కంపెనీ కట్టిన ఊరు, ఇందులో ఎంచుకున్నదేముంది? ఇల్లూ కంపెనీదే, నీళ్లూ కంపెనీవే, రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆఫీసర్ల బంగళాలు ఒక దిక్కు, లేబర్ లైన్లు ఇంకో దిక్కు. దీన్ని స్వచ్ఛంద సమాజం అనడం బానిసకొట్టాన్ని ఆశ్రమం అనడమే కాదా? అభ్యంతరం బలమైనదే, కానీ సగమే నిజం. వెట్టి, దొరల గడీలు, అప్పుల కింద నలిగిన పల్లెల నుంచి జనం బాయికి వచ్చారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాత పోలీసుల వేట తట్టుకోలేని యువకులూ ఈ దారే పట్టారు. చీకట్లో తట్ట మోయడం సుఖం కాదని వాళ్లకు తెలుసు. అయినా అక్కడ దొర లేడు, కూలి రొక్కంగా వస్తుంది. దాన్ని ఎంపిక కాదనడానికి లేదు. పైగా ఊరు కంపెనీది, ఊళ్లోని కట్టుబాట్లు కార్మికులవి. సంఘాలు, చావు ఖర్చుకు చందాలు, చిట్టీలు, నాటకాలు, పాటల బృందాలు, జాతర ఏర్పాట్లు కంపెనీ ఇచ్చినవి కావు. 1981లో సమ్మె చేసిన ఒక్కరోజుకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు యాభై రోజులు దాటి సమ్మె నడిచింది. జీతం లేని ఆ రోజుల్లో వాడకట్టు కొట్లు అరువు ఇచ్చాయి, బియ్యం ఇల్లిల్లూ తిరిగింది. కంపెనీ పెట్టిన గోడల మధ్య కంపెనీకి వ్యతిరేకంగా అంత నిలకడ ఎలా వచ్చిందో, స్వేచ్ఛ లేదనేవాళ్లు చెప్పాలి. మరోవైపు, ఆశ్రమాలు కూడా గాలిలో నిలబడలేదు. పల్లిపాడు భూమి పొణకా కనకమ్మ ఇచ్చింది, భవనానికి దక్షిణాఫ్రికాలోని పార్సీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చాడు. దాత మీద ఆధారపడిన స్వేచ్ఛకూ కంపెనీ మీద ఆధారపడిన స్వేచ్ఛకూ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ కూలివాడు తన పనితో కంపెనీని ఆపగలడు, ఆశ్రమవాసి దాతను ఆపలేడు.

రెండో అభ్యంతరానికి నా దగ్గర ఇంత ధాటైన జవాబు లేదు. ఈ ఉమ్మడి పనిలో ఆడవాళ్లు ఎక్కడ? 1952 గనుల చట్టం వాళ్లను భూగర్భం నుంచి పూర్తిగా దూరం పెట్టింది. 2019లో కేంద్రం నిబంధన సడలించేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఫిల్లర్ పని ముఠాది, అతని ఇంటి పని మాత్రం ఒక్కదానిది. ఇంట్లో భర్త, మరిది, కొడుకు మూడు షిఫ్టుల్లో ఉంటే పొయ్యి మూడుసార్లు వెలగాలి, అన్నం డబ్బా మూడుసార్లు కట్టాలి, బొగ్గు పట్టిన బట్టలు మూడుసార్లు ఉతకాలి. దానికి టబ్బు లేదు, మస్టరు లేదు. జీతం రోజున గేటు దగ్గర వడ్డీవాళ్లు, ఆ పక్కనే సారా దుకాణం, మిగిలింది ఇంటికి. నేటి ఇజ్రాయెల్‌లో 1910లో మొదలైన దెగానియా లాంటి కిబ్బుట్జ్‌లు ఉమ్మడి వంటశాల, పిల్లల ఇళ్లు పెట్టి ఇంటి పనిని కూడా వంతులు వేయాలని చూశాయి; నాస్తిక కేంద్రంలో సరస్వతీ గోరా ఇంటి బరువుతో పాటు ఉద్యమంలోనూ సమానంగా నిలిచింది. ఈ విషయంలో తీర్మానించుకున్న సమాజాలే బొగ్గు ఊళ్లకంటే ముందున్నాయి. కులం సంగతీ అంతే. బాయిలో ఒకే డబ్బాలో తిన్నవాళ్లు పైకి వచ్చాక పిల్లల పెళ్లిళ్లు కులంలోనే చేశారు. గోరా తన కూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో జరిపించాడు. ఆ పని సైరన్ చేయలేదు, సంకల్పమే చేసింది. ఉమ్మడి పని మనుషుల్ని కలుపుతుంది, అంతవరకే. ఎవరి పనిని పనిగా లెక్కించాలో అది తనంతట తాను చెప్పదు.

అయితే నా వాదనకు గట్టి రుజువు ఈ ఊళ్లు పలచబడిన తీరులోనే దొరుకుతుంది. 1975లో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ వచ్చింది. తర్వాత భూగర్భంలోకి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి, తట్టా చెమ్మస్ వెనకబడ్డాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది, అక్కడ మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లది. డంపర్ డ్రైవర్ క్యాబిన్‌లో ఒక్కడు. అతని కూలి ఇంకొకడి తట్టతో ముడిపడి లేదు. ఇదంతా జరుగుతున్నప్పుడు కాలనీలు కూలిపోలేదు. నిజానికి సదుపాయాలు మెరుగయ్యాయి: ఆస్పత్రులు, సీబీఎస్‌ఈ బడులు, గ్యాసు, పార్కులు. ఇల్లు ఉమ్మడి బతుకును పుట్టిస్తుందనుకుంటే అది ఇంకా చిక్కబడాలి. కానీ జరిగిందేమిటంటే చందా పుస్తకాలు పలచబడ్డాయి, వారసత్వ ఉద్యోగం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు, రిటైరైనవాళ్లు మంచిర్యాలలోనో హైదరాబాద్‌లోనో ప్రహరీ ఉన్న ఇళ్లు కట్టుకున్నారు. తలుపులు మూసుకోవడానికి టీవీలు, ఫోన్లు కారణమనే మాట అన్ని ఊళ్లకూ వర్తిస్తుంది కాబట్టి దేనికీ వివరణ కాదు. చేతిఫిల్లింగ్ ఎక్కువకాలం సాగిన బాయిల పక్క కాలనీల్లోనే ఆ పొత్తు ఎక్కువకాలం సాగిందన్న సంగతిని టీవీ వివరించలేదు.

2011 సంగతేమిటని అడగొచ్చు. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో సెప్టెంబర్ 13 నుంచి నెల రోజులకు పైగా బొగ్గు ఆగింది, దక్షిణాదిన విద్యుత్ కేంద్రాలకు చెమటలు పట్టాయి. అప్పటికి యంత్రాలు వచ్చి చాలా ఏళ్లైంది కదా. నిజమే. కానీ సమ్మె చేయడం వేరు, రోజూ కలిసి బతకడం వేరు. రామ్‌నగర్ చెప్పింది కూడా అదే: ఆశయం మనుషుల్ని నెలల పాటు అద్భుతంగా కలుపుతుంది. తట్టలు మోసిన రోజులే మేలని, వాటిని తిరిగి తేవాలని నేననడం లేదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము, విరిగిన నడుములు చూసిన ఏ ఇల్లూ అలా కోరుకోదు. యంత్రం వచ్చినప్పుడు కూలి లెక్కను కూడా కొత్తగా కట్టి ఉండాల్సింది, అది జరగలేదన్నదే నా ఫిర్యాదు. దానికి దగ్గరగా వచ్చింది లాభాల్లో వాటా. దివాలా అంచు దాకా వెళ్లిన సంస్థ కోలుకున్నాక లాభంలో 10 శాతం కార్మికులకు పంచడం మొదలైంది. ఆ శాతం ఏటా బేరమాడగా పెరిగి 2023–24 సంవత్సరానికి 33కు చేరింది. ఒక రకంగా ముఠా టబ్బు లెక్కే, కంపెనీ అంతటికీ విస్తరించింది. అయితే ముఠాలో ఎవరెవరున్నారన్న ప్రశ్న దగ్గర అది తప్పింది. 2024 దసరాకు ముందు ప్రకటించిన ఆ వాటా మొత్తం 796 కోట్లు. 41,837 మంది పర్మనెంట్ ఉద్యోగులకు సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు వచ్చింది. అదే బొగ్గు కోసం పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఆ ఏడాది మొదటిసారిగా ఏదైనా ఇచ్చారు: మనిషికి 5,000 రూపాయలు.